పందొమ్మిదో శతాబ్దపు బ్రిటన్‌లో ఒక నల్లజాతి మనిషి జాడ పట్టడం ఎలా?

చార్లెస్ డార్విన్ ఎడిన్‌బరాలో మెడిసిన్ చదువుతున్న రోజుల్లో, 1826 ప్రాంతంలో, చచ్చిన పక్షి తోలు ఒలిచి లోపల దూది కూరి బతికున్నట్టు నిలబెట్టే పని నేర్చుకున్నాడు. తర్వాత ఓడెక్కి ప్రపంచం చుట్టినప్పుడు ఆ పని బాగా అక్కరకొచ్చింది. నేర్పిన మాస్టారు ఒక నల్లజాతి మనిషి. పెద్దయ్యాక ఆత్మకథ రాసుకుంటూ డార్విన్ ఆయన్ని తలచుకున్నాడు. చాలా మంచివాడు, తెలివైనవాడు, తరచూ ఆయన దగ్గర కూర్చునేవాణ్ణి అన్నాడు. పేరు మాత్రం రాయలేదు.

ఆ పేరు చివరికి ఎడిన్‌బరా పోస్టాఫీసు డైరెక్టరీలో దొరికింది. మన పాత టెలిఫోన్ డైరెక్టరీ లాంటి పుస్తకమే, ఫోన్ నంబరు బదులు ఇంటి నంబరు ఉంటుంది. జాన్ ఎడ్‌మన్‌స్టన్, పక్షులను స్టఫ్ చేసేవాడు, 37 లోథియన్ స్ట్రీట్. డార్విన్ అద్దెకున్నది అదే వీధిలో 11వ నంబరు. డైరెక్టరీలో ఒంటిరంగు ఊసు లేదు. పేరు, పని, చిరునామా, అంతే. ఆయన డెమెరారాలో, అంటే ఇప్పటి గయానాలో, బానిసగా బతికి స్కాట్లండ్ చేరాడన్న సంగతి వేరే చోట నుంచి తెలిసింది. రెండూ పక్కపక్కన పెడితే మనిషి బయటపడ్డాడు.

ఇంగ్లండ్‌లో నల్లవాళ్ళ కథ 1948లో కరీబియన్ వలసదారులతో ఎంపైర్ విండ్‌రష్ ఓడ రేవుకు రావడంతో మొదలైందని చాలామంది అనుకుంటారు. అంతకు నూరేళ్ళ ముందే వాళ్ళు అక్కడ బట్టలు కుట్టారు, బండ్లు తోలారు, సర్కస్ నడిపారు, జైలుకెళ్ళారు, పిల్లల్ని కన్నారు. రికార్డుల్లో లేక కాదు వాళ్ళు కనబడనిది. మామూలు మనుషుల మాదిరిగా, రంగు పేరెత్తకుండా నమోదయ్యారు, అందుకని. కాబట్టి వెతికే తీరు మార్చుకోవాలి. ఇంట్లో కూర్చుని, పెద్దగా ఖర్చు లేకుండా ఎలా చేయాలో నాకు తెలిసినంతలో చెబుతాను.

1. ముందు ఒక తీగ పట్టుకోండి

"బ్రిటన్‌లో నల్లజాతీయులు" అని సెర్చ్ బాక్సులో కొడితే మీకు దొరికేది ఇప్పటికే అందరికీ తెలిసిన నలుగురైదుగురు. క్రిమియా యుద్ధంలో సైనికులకు సేవ చేసిన మేరీ సీకోల్ గురించి కొత్తగా వెతకనక్కర్లేదు. ఆమె పేరు స్కూలు పిల్లలకు కూడా తెలుసు, 2016 నుంచి లండన్‌లో విగ్రహం కూడా ఉంది.

ఒక పేరో, ఊరో, పనో ఎంచుకోండి. రేవు పట్టణాలైతే లండన్ తూర్పు వైపు, లివర్‌పూల్, బ్రిస్టల్, శతాబ్దం చివరికొస్తే కార్డిఫ్. పనులైతే నావికులు, ఇంటి నౌకర్లు, దర్జీలు, పాటగాళ్ళు, సర్కస్‌వాళ్ళు, బాక్సర్లు, సైన్యంలో డ్రమ్ములు కొట్టేవాళ్ళు. అయితే రేవుల్లో మాత్రమే వెతికితే మోసపోతారు. గినీ తీరంలో పుట్టి, బానిసగా బ్రెజిల్ చేరి, లిస్బన్‌లో వయొలిన్ వాయిస్తుండగా ఇంగ్లిష్ నేవీ ఓడవాళ్ళు ఎత్తుకుపోయిన జోసెఫ్ ఎమిడీ చివరికి స్థిరపడింది కార్న్‌వాల్‌లోని ట్రూరోలో. అక్కడ సంగీతం నేర్పి, కచేరీలు చేసి, 1835లో కన్నుమూశాడు. లండన్‌కు అంత దూరాన, అలాంటి చిన్న ఊళ్ళో అతని కోసం వెతకాలని ఎవరికి తడుతుంది?

తీగ దొరికితే డొంకంతా కదులుతుంది. అందుకని ఒకసారికి ఒక్క మనిషినే పెట్టుకోండి.

2. ఏ కాగితం ఏం చెబుతుందో తెలుసుకోండి

ఈ అడుగు విసుగ్గా ఉంటుంది కానీ ఇది దాటేస్తే తర్వాత నెలలు వృథా.

చర్చి రిజిస్టర్లు పాతవి. పద్దెనిమిదో శతాబ్దంలో బాప్తిస్మం ఇచ్చిన గుమస్తా పక్కన 'ఎ బ్లాక్' అనో, 'నేటివ్ ఆఫ్ ఆఫ్రికా' అనో రాసేవాడు, ఖాళీ కాగితం కాబట్టి చోటుండేది. 1813 జనవరి 1 నుంచి చట్టం మారింది. ఇంగ్లండ్ అంతటా అచ్చువేసిన ఫారాలు వచ్చాయి. పిల్ల పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఇల్లు, తండ్రి పని, ఇచ్చిన పాదిరి సంతకం, ఇవే గళ్ళు. రంగుకు గడి లేదు. కొందరు పాదిర్లు పేరు గడిలోనే ఇరికించి రాశారు, ఎక్కువమంది వదిలేశారు. అంటే 1813 తర్వాత నల్లవాళ్ళు ఒక్కసారిగా తగ్గిపోయినట్టు కనిపిస్తే, తగ్గింది మనుషులు కాదు, రాసే చోటు.

1837 జూలై 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో జనన మరణాలు ప్రభుత్వం నమోదు చేస్తోంది. స్కాట్లండ్‌లో 1855 నుంచి. వీటిలోనూ రంగు ఉండదు.

జనాభా లెక్కలు పదేళ్ళకోసారి. ఊరంతా పేర్లతో దొరికేది 1841 నుంచి. ఆ ఏడాది పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసును అయిదుకు సర్ది రాయమన్నారు కాబట్టి 39 ఏళ్ళ మనిషి 35గా కనిపిస్తాడు. పుట్టిన ఊరు కూడా సరిగ్గా అడగలేదు. 1851 నుంచి లెక్క బాగుపడింది. ఇంటి యజమానికి ఏమవుతారు, పెళ్ళయిందా, ఏం పని, ఎక్కడ పుట్టారు అన్నీ ఉంటాయి. జాతి గురించి మాత్రం బ్రిటిష్ సెన్సస్ మొదటిసారి అడిగింది 1991లో! అంతవరకూ ఆ ప్రశ్నే లేదు.

ఇంకో మెలిక ఉంది. ఇంటివాళ్ళు నింపి ఇచ్చిన ఫారాలు పారేశారు. మనకు మిగిలింది ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసే ఎన్యూమరేటర్ వాటిని చూసి ఎత్తిరాసుకున్న పుస్తకాలు. ఎత్తిరాసేటప్పుడు ఎన్ని మాటలు జారిపోయాయో! ఇంటివాళ్ళ సొంత చేతిరాత చూడాలంటే 1911 దాకా ఆగాలి.

3. 1881తో మొదలెట్టండి, ముందుకీ వెనక్కీ నడవండి

1881 సెన్సస్ మొత్తాన్ని వాలంటీర్లు టైపు చేసి పెట్టారు. ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో అకౌంట్ తెరిస్తే ఉచితంగా వెతుక్కోవచ్చు. మొదట అక్కడ చెయ్యి తిప్పుకుని, తర్వాత మిగతా ఏళ్ళకు వెళ్ళండి. ఫ్రీసెన్ (సెన్సస్), ఫ్రీబీఎండీ (జనన, వివాహ, మరణాలు), ఫ్రీరెగ్ (చర్చి రిజిస్టర్లు) అనే ఉచిత సైట్లు కూడా ఉన్నాయి. డబ్బు కట్టే సైట్ల జోలికి వెంటనే పోకండి.

ఎలా నడవాలో ఫ్యానీ ఈటన్ ఉదాహరణతో చూద్దాం. లండన్ చిత్రకళ చరిత్రలో ఈమె ముఖం చాలాకాలంగా ఉంది, మనిషి మాత్రం లేదు. 1860లో రాయల్ అకాడమీలో ప్రదర్శించిన సిమియన్ సాలమన్ చిత్రం 'మోషే తల్లి'కి ఆమే మోడల్. చిత్రకారుడు రొసెట్టి గీసిన 'ది బిలవెడ్'లోనూ పెళ్ళికూతురి వెనక కనిపిస్తుంది. అకాడమీ లెక్కల పుస్తకంలో 1860 జూలైలో ఆమెకు మూడు సిట్టింగులకు, అంటే మూడుసార్లు మోడల్‌గా కూర్చున్నందుకు, 15 షిల్లింగులు ఇచ్చినట్టు ఉంది. కళాచరిత్ర రాసినవాళ్ళకు అంతటితో పని తీరిపోయింది. మిగతాదంతా సెన్సస్‌లో ఉంది.

1851లో ఫ్యానీ సెయింట్ పాంక్రస్‌లో తల్లితో ఉంది. తల్లి జమైకాలో బానిసత్వం నుంచి బయటపడ్డ మనిషి. ఫ్యానీకి అప్పుడు పదహారేళ్ళు కూడా నిండలేదు, ఇంటిపని చేస్తోంది. 1857 నుంచి జేమ్స్ ఈటన్‌తో కాపురం. అతను గుర్రపు క్యాబ్ తోలేవాడు. పదిమంది పిల్లలు. అకాడమీకి సిట్టింగులకు వెళ్ళే నాటికి చంకలో పిల్లలున్నారన్నమాట. 1881 నాటికి భర్త పోయాడు, ఆమె కుట్టుపని చేస్తూ పిల్లల్ని సాకుతోంది. 1901లో ఐల్ ఆఫ్ వైట్ దీవిలో ఒక వైన్ వ్యాపారి ఇంట్లో వంటమనిషి. అరవై దాటాక! 1911లో హామర్‌స్మిత్‌లో కూతురింట్లో, మనవల మధ్య ఉంది. 1924లో, ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో కన్నుమూసింది.

ఈ దారిలో ఆమెను పదేళ్ళ నుంచి పదేళ్ళకు అంటిపెట్టుకుని ఉన్నది రంగు కాదు. పుట్టిన చోటు 'జమైకా', పుట్టిన ఏడు 1835, పిల్లల పేర్లు. ఈ మూడూ సరిపోతేనే అదే మనిషి అనుకోవాలి. ఒకటి తప్పితే ఆగి చూడండి. రెండు తప్పితే వదిలేయండి, ఆమె వేరే ఫ్యానీ.

ఇక్కడ నన్ను ఒకసారి బాగా తిప్పిన తమాషా చెబుతాను. జమైకాలో మూడు కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి, ఉన్నాయి: సర్రే, మిడిల్‌సెక్స్, కార్న్‌వాల్. మూడూ ఇంగ్లండ్ కౌంటీల పేర్లే! ఫ్యానీ పుట్టింది జమైకాలోని సర్రేలో. ఎన్యూమరేటర్ గానీ టైపు చేసినవాళ్ళు గానీ 'జమైకా' మాట వదిలేసి 'సర్రే' ఒక్కటే ఉంచితే, ఆ మనిషి లండన్ పక్క ఊళ్ళో పుట్టినట్టు అయిపోతుంది. టైపు చేసిన వివరాలను నమ్మి ఊరుకోకుండా అసలు పేజీ బొమ్మ తెరిచి చూడమనేది ఇందుకే.

4. పేరు స్పెల్లింగును నమ్మకండి

మన ఇంటిపేర్లను ఇంగ్లీషులో నలుగురు నాలుగు రకాలుగా రాయడం మనకు తెలిసిందే. ఆ రోజుల్లో ఇంగ్లీషు పేర్లకూ అదే గతి. ఫ్యానీ పుట్టింటి ఇంటిపేరు ఒకచోట ఆంట్‌విసిల్, ఒకచోట ఎంట్‌విసిల్. పేరులో ఒక్కో అక్షరం మార్చి వెతకండి. చాలా సైట్లలో అక్షరం బదులు నక్షత్రం గుర్తు పెట్టే వీలుంటుంది.

రంగస్థలం వాళ్ళకైతే రెండు పేర్లు. సర్కస్ యజమాని పాబ్లో ఫాంక్‌ అసలు పేరు విలియం డార్బీ, ఊరు నార్విచ్. పోస్టర్లలో పాబ్లో ఫాంక్‌ను వెతకాలి, రిజిస్టర్లలో విలియం డార్బీని. ఒకటే పేరు పట్టుకు కూర్చుంటే సగం జీవితమే దొరుకుతుంది.

ఆఫ్రికా పేర్లు ఇంటిపేర్లలో దాక్కుని ఉంటాయి. పశ్చిమాఫ్రికాలో అకాన్ వాళ్ళు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. ఆదివారం పుట్టిన పిల్లకు మన ఊళ్ళలో ఆదెమ్మ అని పెట్టినట్టే. శుక్రవారం పుట్టినవాడు కోఫీ. కరీబియన్ దీవుల్లో అది కఫీ, కఫే అయింది. ఆదివారంవాడు క్వాషీ, సోమవారంవాడు కడ్జో. ఇవి రిజిస్టర్లో తగిలితే అక్కడ ఆగండి.

5. రంగు రాసిన చోట్లు వేరే ఉన్నాయి

మనిషి ఒంటిని వర్ణించాల్సిన అవసరం ఎవరికి ఉంటుంది? పారిపోతే పట్టుకోవాల్సినవాళ్ళకు. పోలీసు, జైలు, సైన్యం, ఓడ. రంగు కూడా అక్కడే రాసి ఉంటుంది.

పైన చెప్పిన 'కఫే' ఇంటిపేరుతోనే ఒకసారి నడుద్దాం. విలియం కఫే 1788లో కెంట్‌లోని చాథం రేవు దగ్గర పుట్టాడు. తండ్రి సెయింట్ కిట్స్ దీవి నుంచి వచ్చినవాడు. విలియం దర్జీ పని నేర్చి లండన్‌లో స్థిరపడ్డాడు. 1834లో దర్జీల సమ్మెలో పాల్గొని పని పోగొట్టుకున్నాడు. తర్వాత, మగవాళ్ళందరికీ ఓటు కావాలన్న చార్టిస్టు ఉద్యమంలోకి వచ్చి లండన్ నాయకుల్లో ఒకడయ్యాడు. 1848 ఏప్రిల్ 10న కెన్నింగ్టన్ కామన్‌లో జరిగిన పెద్ద సభకు ఊరేగింపు ఏర్పాట్లు చూసిన కమిటీకి అతనే పెద్ద. ఆ ఆగస్టులో అరెస్టు, సెప్టెంబరులో ఓల్డ్ బెయిలీ కోర్టులో విచారణ, యావజ్జీవ ద్వీపాంతర శిక్ష. అప్పటికి అరవై ఏళ్ళు.

మీరు చేయాల్సింది: ఓల్డ్ బెయిలీ సైట్ తెరవండి. 1674 నుంచి 1913 వరకు 1,97,000కు పైగా కేసుల వివరాలు ఉచితంగా ఉన్నాయి. ఇంటిపేరు దగ్గర 'కఫే' కొట్టి దొరకకపోతే 'కఫీ' కొట్టండి. 1848 సెప్టెంబరు సెషన్ తెరుచుకుంటుంది. విచారణ చదవండి. అది అప్పటి మాటలకు దగ్గరగా ఉన్న రికార్డు, గూఢచారి సాక్ష్యంతో సహా. కఫేను పంపింది ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవికి, కాబట్టి తర్వాత టాస్మేనియా రాష్ట్ర ఆర్కైవ్ సైట్‌కు వెళ్ళి పేర్ల సూచికలో అతన్ని వెతకండి. అదీ ఉచితమే. ద్వీపాంతరం పంపిన ప్రతి ఖైదీకీ ఎత్తు, రంగు, కళ్ళు, వృత్తి, ప్రవర్తన రాసిన పేజీలున్నాయి. కఫే చాలా పొట్టి, 4 అడుగుల 11 అంగుళాలు. చివరగా ట్రోవ్ అనే ఆస్ట్రేలియా పాత పేపర్ల సైట్. 1856లో క్షమాభిక్ష దొరికినా అతను తిరిగి ఇంగ్లండ్ వెళ్ళలేదు. టాస్మేనియాలోని హోబార్ట్‌లోనే దర్జీ పని చేస్తూ, కార్మికుల సభల్లో మాట్లాడుతూ, 1870 జూలైలో అక్కడి అనాథ వృద్ధుల ఆశ్రమంలో చనిపోయాడు. ఇంగ్లండ్ మర్చిపోయిన మనిషి వయసు, పని, చావు కబురు అన్నీ ప్రపంచం అవతల చివర భద్రంగా ఉన్నాయి.

సైనికులకైతే లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 97 అనే వరస ఉంది. పెన్షన్‌తో బయటికి వచ్చిన సిపాయిల డిశ్చార్జ్ కాగితాలు. పుట్టిన ఊరు, పని, ఒంటిరంగు, జుట్టు రాసి ఉంటాయి. జమైకాలో పుట్టిన జార్జ్ రోజ్ 1809లో సైన్యంలో చేరి, 73వ రెజిమెంటుతో వాటర్లూలో నెపోలియన్ సైన్యంతో పోరాడి, 1837లో బయటికొచ్చాడు. ఇలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు.

అయితే ఒక జాగ్రత్త. రంగు రాసిన చోటనే వెతుకుతూ పోతే మీ జాబితా అంతా ఖైదీలు, సిపాయిలతో నిండిపోతుంది. అది వాళ్ళ జీవితాల లెక్క కాదు, పోలీసుల లెక్క. ఈ ఒక్క తప్పు వల్లే ఎంతో రాత పాడైంది. అందుకే సెన్సస్‌ను మూడో అడుగులో పెట్టి, కోర్టును అయిదో అడుగుకు నెట్టాను.

6. సెర్చ్‌లో ఏ మాటలు కొట్టాలి

ఇది చెప్పడానికి నోరు రాదు గానీ చెప్పక తప్పదు. పాత రికార్డుల్లో 'నీగ్రో', 'ములాటో', 'మ్యాన్ ఆఫ్ కలర్' అనే ఉంటుంది. ఇప్పుడు ఆ మాటల్లో కొన్ని తిట్ల కిందే లెక్క. సెర్చ్ బాక్సులో కొట్టడానికి వాడండి, మీ రాతలో కోట్‌లో తప్ప వాడకండి. 'కలర్' మాటకు బ్రిటిష్ స్పెల్లింగులో 'యు' ఉంటుంది. అది ఉన్నట్టూ లేనట్టూ రెండు రకాలుగా ప్రయత్నించండి.

'బ్లాక్' అని ఒక్క మాటే కొడితే బ్లాక్‌స్మిత్‌లు, బ్లాక్ లయన్ అనే సారా కొట్లు, మిస్టర్ బ్లాక్ అనే తెల్లదొరలు వందల్లో వచ్చిపడతారు. కొండను తవ్వి ఎలుకను పట్టడమే. మాటకు ముందు 'ఎ' గానీ, తర్వాత 'సర్వెంట్', 'సీమన్' గానీ కలిపి, కోట్ గుర్తుల మధ్య పెట్టండి.

లండన్ విషయానికొస్తే ఇంకో సుఖం ఉంది. లండన్ నగర ఆర్కైవ్స్‌వాళ్ళు 1561 నుంచి 1840 వరకు చర్చి రిజిస్టర్లలో ఆఫ్రికా, కరీబియన్, ఆసియా మూలాలున్న లండన్‌వాసుల పేర్లు ఏరి ఒక డేటాబేసు చేశారు. దాని పేరు 'స్విచింగ్ ది లెన్స్'.

7. తప్పుదోవలు

వెస్టిండీస్‌లో పుట్టినవాళ్ళంతా నల్లవాళ్ళు కారు. నేను మొదట్లో ఒక పెన్షన్ ముసలమ్మ వెంట వారం రోజులు పడ్డాను. పుట్టింది బార్బడోస్, ఒంటరి, లండన్ శివార్లలో చిన్న ఇల్లు. కథ మనసులో అల్లేసుకున్నాను కూడా. తీరా వీలునామా చూస్తే తోటల యజమాని కూతురు, తెల్లావిడ. ఆ వారం పోయింది. పని, ఇల్లు, వీలునామా చూడకుండా పుట్టిన చోటుతోనే తేల్చేయకండి.

దానికి రివర్స్ కూడా నిజమే. లండన్‌లోనే పుట్టిన రెండో తరం నల్లవాళ్ళు సెన్సస్‌లో పూర్తిగా మాయమవుతారు. విలియం కఫే పుట్టింది కెంట్‌లో. సంగీతకారుడు శామ్యూల్ కోల్‌రిడ్జ్ టేలర్ పుట్టింది లండన్ హోల్‌బర్న్‌లో, 1875లో. తండ్రి సియెర్రా లియోన్ నుంచి వచ్చిన డాక్టరు. అబ్బాయి సెన్సస్‌లో ఒట్టి లండన్ పిల్లాడు. ఇలాంటివాళ్ళను పట్టాలంటే తండ్రి దగ్గర నుంచి కిందికి రావాలి.

మూడోది మనకు సంబంధించినది. ఆ రోజుల్లో ఇంగ్లిష్ వాళ్ళు 'బ్లాక్' అని రాసినప్పుడు అది ఆఫ్రికా మనిషే కానక్కర్లేదు. మన దేశం నుంచి ఓడల్లో పనిచేస్తూ వెళ్ళిన లాస్కర్లనే నావికులను, దొరల పిల్లల్ని చూసుకుంటూ వెళ్ళిన ఆయాలను కూడా అలాగే రాశారు. 1857లో లండన్ లైమ్‌హౌస్‌లో తెరిచిన ఆశ్రమం పేరే 'ఆసియా, ఆఫ్రికా, దక్షిణ సముద్ర దీవుల పరదేశుల ఇల్లు'. అందరినీ ఒకే గాటన కట్టేశారు. కాబట్టి 'బ్లాక్' అని కనిపించగానే ఆఫ్రికా అనుకోకుండా, 'ఈస్ట్ ఇండీస్' అని ఉందా 'వెస్ట్ ఇండీస్' అని ఉందా చూడండి. చేతిరాతలో ఆ రెండూ ఒకలాగే ఉంటాయి! ఇదే పద్ధతిలో మనవాళ్ళను వెతకాలనుకుంటే మద్రాసుతో పాటు మసూలిపటం, విజగపటం, కోకనాడ, కోరింగా అని ఆ కాలపు స్పెల్లింగులు కొట్టాలి.

8. పాత పేపర్లు

బ్రిటిష్ పాత పేపర్ల పెద్ద సైట్ డబ్బు కట్టాల్సినదే, కానీ సెర్చ్ ఉచితం. రిజల్టుల్లో వచ్చే రెండు లైన్ల ముక్కలు చదివి, అవసరమైతేనే ఒక నెలకు కట్టండి. ముందు వేల్స్ జాతీయ గ్రంథాలయంవారి పేపర్ల సైట్ చూడండి, అంతా ఉచితం. లండన్ వార్తలు కూడా అందులో మళ్ళీ అచ్చయి కనిపిస్తాయి. స్కాట్లండ్ పోస్టాఫీసు డైరెక్టరీలు స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం సైట్‌లో ఉచితం. ఎడ్‌మన్‌స్టన్ లాంటివాళ్ళు దొరికేది అక్కడే.

పేపర్ల నోరు మంచిది కాదు. కఫే పేరెత్తకుండా చార్టిస్టులను 'ఆ నల్లవాడూ, వాడి జట్టూ' అని వెక్కిరించింది టైమ్స్ పత్రిక. తేదీ, చోటు, ఎవరెవరున్నారు అన్నంత వరకు పేపరును నమ్మండి, మనిషి గుణగణాల దగ్గర నమ్మకండి. పాబ్లో ఫాంక్‌ను వెతికేటప్పుడు వార్తల కంటే ప్రకటనలు పనికొస్తాయి. సర్కస్ ఏ వారం ఏ ఊళ్ళో ఉందో వాటితో రోడ్డు మ్యాపు గీసేయొచ్చు. 1848లో లీడ్స్‌లో ఆట జరుగుతుండగా గ్యాలరీ కూలి అతని భార్య సుసానా చనిపోయింది. అతను 1871లో స్టాక్‌పోర్ట్‌లో పోయాడు. ఇద్దరి సమాధులూ ఇప్పుడు లీడ్స్ యూనివర్సిటీ ఆవరణలో కలిసిపోయిన పాత శ్మశానంలో ఉన్నాయి.

9. బానిసల లెక్కలు

1833 చట్టంతో బ్రిటన్ బానిసత్వాన్ని రద్దు చేసి, యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది. బానిసలకు చిల్లిగవ్వ ఇవ్వలేదు. ఎవరికి ఎంత ముట్టిందో లండన్ యూనివర్సిటీ కాలేజీవాళ్ళు డేటాబేసు పెట్టారు, ఉచితం. మీ మనిషి ఏ తోట నుంచి వచ్చాడో తెలిస్తే, యజమాని ఎవరో అందులో దొరుకుతుంది.

అందులో మన అంచనాలు తలకిందులయ్యే పేర్లు కూడా ఉంటాయి. నేథనియల్ వెల్స్ తల్లి సెయింట్ కిట్స్‌లో బానిస, తండ్రి తోటల యజమాని. తండ్రి ఆస్తి అతనికొచ్చింది. వేల్స్ సరిహద్దులో చెప్‌స్టో దగ్గర పెద్ద బంగళా కొన్నాడు, 1818లో మన్మత్‌షైర్ కౌంటీకి హై షెరీఫ్ అనే పెద్ద అధికారి అయ్యాడు. అతనికీ బానిసలున్నారు, పరిహారమూ తీసుకున్నాడు. ఇది దొరికినప్పుడు దాచేయాలనిపిస్తుంది. దాచకండి.

10. బొమ్మలు, ఫొటోలు

1860ల నుంచి ఫొటో స్టూడియోల పుస్తకాలు గొప్ప ఆధారం. ఎవరు ఏ రోజు వచ్చారో రాసి ఉంటుంది. రాణి విక్టోరియా చదివించిన సారా ఫోర్బ్స్ బొనెటా, అసలు పేరు ఐనా, 1862లో బ్రైటన్‌లో పెళ్ళి చేసుకుంది. అదే ఏడాది లండన్‌లో కమిల్ సిల్వీ స్టూడియోలో ఫొటోలు దిగింది. ఆ స్టూడియో రోజువారీ ఆల్బమ్‌లు నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉన్నాయి. 1891లో దక్షిణాఫ్రికా నుంచి వచ్చి పాడిన ఆఫ్రికన్ కోయిర్ ఫొటోల గాజు పలకలు నూట ఇరవై ఏళ్ళకు పైగా అటకెక్కి ఉండి, 2014లో మళ్ళీ జనం కళ్ళబడ్డాయి. కాబట్టి 'ఫొటోలు లేవు' అని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి.

11. దారి తెగితే తెగిందని రాయండి

మేరీ ప్రిన్స్ బెర్ముడాలో పుట్టింది, యజమానుల వెంట 1828లో లండన్ వచ్చి, వాళ్ళ ఇల్లు వదిలి బయటికి నడిచింది. ఆమె చెప్పిన ఆత్మకథ 1831లో అచ్చయి, ఆ ఒక్క ఏడాదే మూడు ముద్రణలు పొందింది. 1833లో ఆ పుస్తకం మీద నడిచిన కేసులో కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పింది. ఆ తర్వాత ఆమె జాడ లేదు. అంటిగ్వాలో వదిలొచ్చిన భర్తను మళ్ళీ చూసిందో లేదో కూడా ఏ కాగితమూ చెప్పదు. ఇలాంటి చోట "బహుశా సుఖంగా బతికి ఉంటుంది" అని అతికించాలన్న తహతహ కలుగుతుంది. చేతులు కట్టుకోండి.

దొరికిన ప్రతి ముక్కకూ ఒక ఎక్సెల్ లైను పెట్టుకోండి: తేదీ, ఊరు, రికార్డులో ఉన్న మాట యథాతథంగా, ఫైలు నంబరు, పేజీ. నంబరు రాసుకోకపోతే ఆర్నెల్ల తర్వాత అదే పేజీ కోసం మళ్ళీ నానా తంటాలు పడాలి. ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

12. లండన్ వెళ్ళే పని పడితే

ట్రఫాల్గర్ స్క్వేర్‌లో అందరూ నౌకాసేనాని నెల్సన్ స్తంభం పైకి చూసి ఫొటో తీసుకుంటారు. మీరు కిందికి చూడండి. దక్షిణం వైపు, వైట్‌హాల్‌కు ఎదురుగా ఉన్న కంచు ఫలకంలో నెల్సన్ నేలకొరిగే దృశ్యం ఉంది. అందులో ఎడమ అంచున తుపాకీ పట్టుకుని నిలబడ్డ నావికుడు నల్లజాతివాడు. 1849 నుంచి అక్కడే ఉన్నాడు.

రూముకి తిరిగొచ్చాక నేషనల్ ఆర్కైవ్స్ వారి 'ట్రఫాల్గర్ యాన్సెస్టర్స్' పేజీ తెరవండి. నెల్సన్ చనిపోయిన ట్రఫాల్గర్ యుద్ధంలో, 1805 అక్టోబరు 21న, బ్రిటిష్ ఓడల్లో ఉన్న 18,000 మందికి పైగా అందులో ఉన్నారు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, పుట్టిన చోటు గడిలో 'ఆఫ్రికా' అని ఇంగ్లీషులో కొట్టండి. తర్వాత 'జమైకా'. పేరు, వయసు, ఓడ, హోదా వరసగా వస్తాయి. రంగు ఉండదు, కాబట్టి ఏడో అడుగులో చెప్పింది గుర్తుపెట్టుకుని, ఒక పేరు ఎంచుకుని, ఎక్సెల్‌లో మొదటి లైను రాయండి.